తిరగని డిష్షు, నిలవని గుండయ్య

మా బావ గుండయ్య కూర్చుని అన్నం తినగా నేను చూసింది బహు తక్కువ. కంచం చేత్తో పట్టుకుని గడపలో నిలబడి, గల్లీలో పోయేవాళ్లను పలకరిస్తూ తినేవాడు. పీట వేస్తే కంచాన్ని పీట మీద కూర్చోబెట్టి తను తిరిగేవాడు. చారు పోద్దామని గిన్నె తెచ్చేసరికి మనిషి వీధి మలుపులో ఉండేవాడు. వడ్డించేవాళ్లకు ఒళ్లు మండకుండా ఎట్లా ఉంటుంది?

నేను ఆయన తమ్ముడు బాబురావు భార్యను. మాదన్నపేట కూరగాయల మార్కెట్టు వెనక గల్లీలో ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టుకుని ఉండేవాళ్లం. బావ భార్య మాణిక్యమ్మను నేను అక్కా అని పిలుస్తాను. ఆయన సంగతులు సగం నేను చూసినవి, సగం అక్క చెప్పినవి.

అక్క మొట్టమొదట చెప్పేది పెళ్లినాటి సంగతి. తలంబ్రాల ముందు మైకు ఆగిపోయిందట. పెళ్లికొడుకు పీటల మీది నుంచి లేచిపోయి, నుదుటి మీద బాసికం ఉండగానే మైకువాడి మిషను విప్పి కూర్చున్నాడట. పురోహితుడు మంత్రం ఆపుకుని, పెళ్లికూతురు దోసిట్లో బియ్యం పట్టుకుని ఎదురుచూశారు. ఆ కథ అక్క నవ్వుతూ మొదలుపెడుతుంది, కోపంతో ముగిస్తుంది. మధ్యలో ఎక్కడ నవ్వు పోతుందో నేనెప్పుడూ పట్టుకోలేకపోయాను.

అక్క కోపానికి అసలు కారణం మైకు కాదు, నౌకరీ. ఐటిఐ చదివిన బావకు ఊరి చివర ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో మంచి పని దొరికింది. పొద్దున బస్సు ఇంటి దగ్గరికే వచ్చి తీసుకుపోయేది, సాయంత్రం దింపేది. నెల తిరగగానే జీతం. ఇంకొకరైతే రిటైరయ్యేదాకా ఆ బల్లను వదలకపోదురు. ఈయన కొన్నాళ్లు చేసి, ఇంట్లో ఒక్క మాట చెప్పకుండా రాజీనామా రాసిచ్చి వచ్చాడు. ఎందుకని అడిగితే, రోజంతా ఒక్క బల్ల ముందు కూర్చోమంటే కాళ్లలో చీమలు పాకుతున్నాయని చెప్పాడు. ఆ జవాబు విని మా మామ రెండు రోజులు కొడుకుతో మాట్లాడలేదు.

తర్వాత మార్కెట్టు దగ్గర మోటారు వైండింగ్ దుకాణం పెట్టాడు. కాలిపోయిన పంపు మోటార్లు, ఫ్యాన్లు, మిక్సీలు వచ్చేవి. రాగి తీగ చుట్టడంలో ఆయన చేతికి పేరుండేది. కానీ దుకాణంలో మనిషి ఉంటేగా. ఒక మోటారు సగం చుట్టి ఇంకొకటి చూడ్డానికి సైదాబాదు పోయేవాడు, అక్కడి నుంచి సామాను కోసం కోఠీ పోయేవాడు. వచ్చిన గిరాకీకి పక్క దుకాణంవాడు ఇప్పుడే పోయిండని చెప్పేవాడు. ఇక సంపాదన ఎట్లా ఉంటుందో వేరే చెప్పాలా. అందుకని అక్క మార్కెట్లో గోనెపట్టా పరుచుకుని కొత్తిమీర, పుదీనా కట్టలు అమ్మేది. వానాకాలంలో ఆ పట్టా కింద నీళ్లు, పైన నీళ్లు. మోకాళ్లు పట్టేసి, సాయంత్రం గోడ పట్టుకుని లేచేది. నెల జీతం తెచ్చే పని ఈయనకు మళ్లీ ఒకటి దొరికితే చాలు, ఆ తడి పట్టా మీది నుంచి లేస్తానని నాతో ఎన్నిసార్లో అన్నది. ఆమె కోరుకున్నది అదొక్కటే.

ఆ పని దొరికేటట్టే కనబడింది, ఎనభై ఎనిమిదిలో.

మా పక్క గల్లీలో ప్రహ్లాద్ సేటుకు మూడంతస్తుల ఇల్లు. పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం వాళ్ల తాత నాటిది. ఆ చుట్టుపక్కల మొదట డిష్షు పెట్టించింది ఆయనే. బొంబాయి నుంచి కంపెనీ మనిషి వచ్చి, మా వంటిల్లంత ఉన్న ఆ ఇనుప గొడుగును మిద్దె మీద బిగించాడు. దాని వెనక ఒక మోటారు, ఆ మోటారుకు ముందుకీ వెనక్కీ జరిగే ఒక ఉక్కు గొట్టం. కింద టీవీ దగ్గర ఒక డబ్బా, డబ్బాకు రెండు మీటలు. ఒకటి నొక్కితే గొడుగు తూర్పుకు తిరుగుతుంది, ఇంకొకటి నొక్కితే పడమరకు. తూర్పు కొసన రష్యావాళ్ల బొమ్మలు వచ్చేవి. మంచు, ట్రాక్టర్లు, పెద్ద పెద్ద టోపీలు పెట్టుకుని గంభీరంగా మాట్లాడే మనుషులు. ఒక్క ముక్క అర్థం కాకున్నా గల్లీ అంతా పోయి నోరు తెరుచుకుని చూసి వచ్చేవాళ్లం.

బిగించే రోజుల్లో బావ ఆ కంపెనీ మనిషికి చేదోడుగా తిరిగాడు. మోటారు అంటే ఆయనకు ప్రాణం, అదీ మిద్దె మీద మోటారు. ఎక్కడం దిగడం, తీగ లాగడం, ఎండలో నట్లు బిగించడం, అన్నీ ఆయన కాళ్లకు నచ్చే పనులే. ప్రహ్లాద్ సేటు అది చూశాడు. ఆ డిష్షు నుంచి గల్లీల్లో ఇళ్లన్నిటికీ తీగలు వేసి కేబుల్ నడపాలని సేటు ఆలోచన. దాన్ని చూసుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలి, నెల నెలా జీతం. గుండయ్యా, నువ్వే ఉండాలని సేటు తన నోటితో అన్నాడు. ఇంటింటికీ తిరిగే పని కనుక ఇందులోనైనా నిలుస్తాడని అక్కకు ఆశ పుట్టింది. ఆ వారం ఆమె మొహంలో వెలుగు నేను చూశాను.

దసరా పోయిన మర్నాడు డిష్షు కదలడం మానేసింది.

గొడుగు తూర్పు కొసన రష్యా వైపు చూస్తూ ఉండిపోయింది. పడమర మీట నొక్కితే డబ్బాలో టిక్కుమని చప్పుడు వస్తుంది, అంతే. ఆ వారంలోనే గల్ఫ్‌లో క్రికెట్ పోటీ. మన టీవీలో రాదు, గొడుగు పడమరకు తిరిగితేనే దొరుకుతుంది. ఆదివారం మధ్యాహ్నం ఆటకు సేటు పత్తర్‌గట్టి వ్యాపారస్తులందరినీ భోజనాలకు పిలిచి ఉన్నాడు. సగం ఆట కోసం, సగం తన డిష్షు చూపించుకోవడానికి. ఆదివారం దాకా చూస్తాను, కాకపోతే కేబుల్ పని బొంబాయి కంపెనీ మనిషికే ఇచ్చేస్తానని బావకు కబురు పంపాడు.

శుక్రవారం అంతా బావ ఆ మెట్లు ఎక్కాడు, దిగాడు. డబ్బా విప్పి ఫ్యూజు చూశాడు, బాగుంది. మిద్దె మీద తీగ అతుకు దగ్గర బల్బు పెట్టి చూశాడు, వెలిగింది. అంటే కరెంటు పైదాకా వస్తోంది. గొట్టాన్ని గొడుగు నుంచి విడదీసి చేత్తో తోస్తే గొడుగు హాయిగా తిరిగింది. అంటే తుప్పు పట్టలేదు, ఎక్కడా ఇరుక్కోలేదు. అతుకు దగ్గర బ్యాటరీ తగిలించి చూశాడు, మోటారు ఉలకలేదు, పలకలేదు. ఇక మిగిలింది మోటారే కదా. వైండింగ్ వాడికి ఎక్కడ చూసినా వైండింగే కనబడుతుంది. కాలిపోయిందని తీర్మానించేసి, మోటారు విప్పి సంకలో పెట్టుకుని దుకాణానికి పరుగెత్తాడు.

దుకాణంలో బల్ల మీద బ్యాటరీ తగిలించగానే మోటారు గిర్రున తిరిగింది. ఎన్నిసార్లు తగిలిస్తే అన్నిసార్లు తిరిగింది. తీసుకుపోయి మళ్లీ బిగించాడు. తిరగలేదు. శనివారం మళ్లీ విప్పాడు, మళ్లీ దుకాణం, మళ్లీ గిర్రున. ఆ శనివారం ఆయన మా ఇంట్లోకి ఎన్నిసార్లు వచ్చిపోయాడో లెక్కలేదు. మంచినీళ్లు అడుగుతాడు, తెచ్చేలోగా ఉండడు. మాట మొదలుపెడతాడు, పూర్తి చేయడు. అక్క తన కట్టలు తను కట్టుకుంటూ పోయింది.

ఆదివారం పొద్దున ఆయన నా పొయ్యి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కంపెనీవాళ్ల ఇంగ్లీషు పుస్తకం ఒకటి సేటు దగ్గర ఉందట. సేటును చదవమంటే విసుక్కున్నాడట. ఇంటర్ దాకా చదివిన మరదలు ఇంట్లో ఉందని అప్పుడు గుర్తొచ్చింది. పప్పు పొయ్యి మీద ఉంది, బాబురావు బస్సు డిపోలో డ్యూటీకి పోవాలి, నేను రానన్నాను. ఆయన వెళ్లలేదు, కూర్చోలేదు, వంటింట్లో గోడ నుంచి గోడకు తిరగడం మొదలుపెట్టాడు. ఆ తిరుగుడు చూడలేక పప్పు దించేసి చెప్పులేసుకున్నాను.

సేటు ఇంట్లో అప్పటికే వంటవాళ్లు దిగారు. ప్రహ్లాద్ సేటు మమ్మల్ని చూసి గడియారం చూశాడు. ఆయన భార్య సుశీలమ్మ జరీ చీరలో హడావుడిగా తిరుగుతోంది. మెట్ల కింద పీట మీద సేటు తల్లి నాగమణమ్మ బియ్యం ఏరుతోంది. భర్త పోయినప్పటి నుంచి ఆమెది ఆ మూలే. మేం మెట్లెక్కుతుంటే చేట పక్కన పెట్టి మా వైపు చూసింది. పెద్దావిడ కదా అని పలకరించాను. ఆమె బావ వైపే చూస్తోంది.

మిద్దె మీద ఎండలో కూర్చుని నేను చదువుతూ, తెలుగులో చెబుతూ పోయాను. బావ నా చుట్టూ తిరుగుతూ విన్నాడు. మోటారు పక్కన చిన్న మూత ఉంటుంది, దాని కింద రెండు బుల్లి స్విచ్చులు ఉంటాయి. గొడుగు తూర్పు కొసకు పోగానే ఒకటి నొక్కుకుని కరెంటు ఆపేస్తుంది, పడమటి కొసకు పోతే ఇంకొకటి. గొడుగు మితిమీరి తిరిగి విరగకుండా కాపలా అన్నమాట.

బావ తిరగడం ఆపాడు. ఆ మూత ఆయనకు తెలుసు. దానికి చేత్తో తిప్పే రెక్కల నట్టు ఒకటే ఉంటుంది. కంపెనీ మనిషి పోతూ పోతూ దీన్ని ముట్టుకోకు, లోపల మేం సరిచేసి పెట్టాం, తేమ చేరితే చెడిపోతుందని గట్టిగా చెప్పాడట. జన్మలో ఒక్కసారి బావ ఒకరి మాట విన్నాడు, అదీ ఇక్కడ. పైగా ఆ మోటారు మీద తన చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడదని సేటుకు హామీ ఇచ్చి ఉన్నాడు.

నట్టు తిప్పి మూత తీశాడు. ఇద్దరం ఒకేసారి చూశాం.

లోపల పసుపు. తడి పసుపు ముద్దగా పూసింది, ఎండి గట్టిపడింది. దాని మధ్యలో గుండ్రంగా కుంకుమ బొట్టు. నాలుగు అక్షింతలు, వాడిపోయిన బంతి రేక ఒకటి. పడమటి వైపు స్విచ్చు నాలుక ఆ పసుపులో అంటుకుని, నొక్కింది నొక్కినట్టే ఉంది. పడమటి కొసకు చేరిపోయాననుకుని ఆ వైపు కరెంటు ఆపేసింది. తూర్పుకు పోదామంటే గొడుగు ఎట్లాగూ తూర్పు కొసనే ఉంది. ఇక ఎటు కదులుతుంది? దుకాణానికి పోయింది ఒట్టి మోటారే, ఈ స్విచ్చులు మిద్దె మీదే ఉండిపోయాయి, అందుకే అక్కడ గిర్రున తిరిగింది.

దసరానాడు ఆయుధపూజకు నేనూ వాళ్లింటికి పోయాను. దుకాణం త్రాసుకు, స్కూటరుకు, కుట్టుమిషనుకు, టీవీకి, చివరకు మిద్దె మీద ఈ డిష్షు స్తంభానికి కూడా సుశీలమ్మే బొట్లు పెట్టింది, అందరి ముందు, పెద్ద పళ్లెంతో. కానీ ఆమె పెట్టింది స్తంభానికి, బయట. ఆ బొట్టు ఇంకా కనబడుతూనే ఉంది. మరి మూత తీసి, లోపల పెట్టి, మళ్లీ మూత వేసి నట్టు తిప్పింది ఎవరు? బొట్టు పెట్టిన వాళ్లు దాచుకోవడం ఎందుకు?

నేను ఆ మాట పైకి అనబోతుండగా మెట్ల దగ్గర చప్పుడైంది. నాగమణమ్మ. మూడంతస్తులు ఎక్కి వచ్చింది, గోడ పట్టుకుని రొప్పుతోంది. బోసి నుదురు మీద చెమట. బావ చేతిలోని మూతను చూసింది.

"నేనే పెట్టిన గుండయ్యా," అన్నది. "వాళ్ల నాయన ఉన్నన్ని దినాలు దుకాణంల త్రాసుకు బొట్టు నా చేతితోనే పెట్టిన. ఇప్పుడు నేను పెట్టొద్దంట. కొడుకు కొత్తది తెచ్చుకున్నడు, నా చెయ్యి దాని మీద పడకపాయె. మనసు ఊకోలే. లోపల పెడితే ఎవ్వలకు కనవడదనుకున్న."

అంతే చెప్పింది. ఎవరికీ చెప్పొద్దని అడగలేదు. ఏడవనూ లేదు. మెట్ల వైపు తిరిగి నిలబడింది, దిగడానికి కాళ్లలో బలం కూడదీసుకుంటున్నట్టు.

బావ జేబులోంచి గుడ్డ తీశాడు. కిరసనాయిల్‌లో ముంచి పసుపు తుడవడం మొదలుపెట్టాడు. ఆయన చేతులు అంత నెమ్మదిగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. కుంకుమ, అక్షింతలు, బంతి రేక అన్నీ ఆ గుడ్డలోకి తీసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. స్విచ్చు నాలుకను వేలితో మీటితే టక్కుమని పైకి లేచింది. మూత బిగించి, మిద్దె అంచు నుంచి కిందికి కేకేసి మీట నొక్కమన్నాడు. గొడుగు మూలిగి, వణికి, పడమరకు తిరగడం మొదలుపెట్టింది.

అక్క మోకాళ్లు కళ్లముందు మెదిలాయి. ఇక ఫికర్ లేదు అనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్ని.

ప్రహ్లాద్ సేటు పైకి వచ్చాడు. గొడుగు తిరగడం చూసి సంతోషించాల్సిన మనిషికి కోపం వచ్చింది, మూడు రోజులు బిగబట్టిన కోపం. ఇంత చిన్న పనికి ఇన్నాళ్లా, అసలు ఏమైందని అడిగాడు. నాగమణమ్మ మెట్ల మీదే ఉంది. కొడుకు దారికి అడ్డం కాకుండా గోడకు ఒదిగింది.

"తప్పు నాదే సేటు," అన్నాడు బావ. "మూత నేనే సరింగ బిగియ్యలే. వాన తడి లోపలికి వోయింది."

నా నోరు తెరుచుకుంది. బావ నా వైపు చూడకుండానే స్క్రూడ్రైవరుతో నా కాలి మీద తట్టాడు.

"ఒక్క మూత బిగియ్యరానోనికి గల్లీలన్ని ఎట్ల అప్పజెప్పాలె గుండయ్యా?" అన్నాడు సేటు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది, పోట్లాడి ఉందుము. కేబుల్ సంగతి బొంబాయి వాళ్లతో మాట్లాడుకుంటానని, బావను భోజనం చేసి పొమ్మని చెప్పి కిందికి దిగిపోయాడు.

నేను నాగమణమ్మ వైపు చూశాను. ఒక్క మాట. ఆ ముసలావిడ ఒక్క మాట అంటే మా ఇల్లు నిలబడుతుంది. ఆమె పెదవులు కదిలాయి కూడా. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఒక్కో మెట్టూ దిగిపోయింది. అప్పుడు నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఆమె మీద, సేటు మీద, అందరికన్నా ఎక్కువ మా బావ మీద.

భోజనం చేయకుండానే వచ్చేశాం. ఆయన ముందు, నేను వెనక, దాదాపు పరుగెత్తుతూ. నిలబడమంటే నిలబడడు. మార్కెట్టు మూల మీద రిక్షా అడ్డం వచ్చి ఆగాడు గనుక పట్టుకుని అడిగాను. టీ హోటల్లో కూర్చున్న ప్రతివాడికీ ఊళ్లో సంగతులన్నీ పంచే నోరు ఇవాళ ఎందుకు పడిపోయింది? ఆమె చేసిన పనికి నీ భార్య ఎందుకు తడి గోనె మీద కూర్చోవాలి?

"నేను నోరిప్పితే గా ముసలమ్మకు మిద్దె మెట్లు గూడ బందైతయి," అన్నాడు. "దసరానాడు గదిల కూసొమ్మంటరు. మంచి దినాన ఎదురు రావొద్దంటరు. డిష్షు ఆమె చెయ్యి పడే ఖరాబైందని పత్తర్‌గట్టి దాక చెప్పుకుంటరు. నాకేంది పుష్పా, రేపు ఎవ్వనిదో ఇంకో మోటారు కాలుతది."

రిక్షా తప్పుకుంది, ఆయన పోయాడు.

పని పోయిందని వింటే అక్క పెద్ద లొల్లి చేస్తుందని నేను చెవులు మూసుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. ఆమె సోమవారం ఎప్పటికంటే ముందే లేచి గోనెపట్టా చుట్టుకుని మార్కెట్టుకు పోయింది. అసలు సంగతి బావ ఆమెకు చెప్పలేదు. నేను మాత్రం వారం రోజులు కూడా ఆగలేకపోయాను. కడుపులో అంత మాట పెట్టుకుని తిరగడం ఆయనకు చేతనైంది గానీ నాకు చేతకాలేదు. కొత్తిమీర కట్టలు కడుతున్న అక్క పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. ఆమె చేతులు ఆగాయి. ఆ మాట నాతోని చెప్తే నేను కాదంటనా అని అడిగింది, నన్ను కాదు, కొత్తిమీరను. పని పోయినదానికంటే తనకు చెప్పకపోవడమే ఆమెకు ఎక్కువ నొప్పి.

చలికాలం నాటికి బొంబాయి కంపెనీ మనిషి ఇద్దరు కుర్రాళ్లను పెట్టి గల్లీలన్నిట్లో తీగలు లాగించాడు. ఒకటి మా ఇంటి కప్పు మీది నుంచే పోయింది. మేం మాత్రం పెట్టించుకోలేదు. కేబుల్ చెడిపోయినప్పుడల్లా జనం అలవాటుగా బావనే పిలిచేవాళ్లు, ఆయన పోయేవాడు కూడా. వేరేవాడు జీతం తీసుకునే పనికి ఈయన ఊరికే స్తంభాలెక్కుతుంటే చూసి నేను పళ్లు కొరుక్కునేదాన్ని.

నాగమణమ్మ ఆ ఏడాదంతా మాతో మాట్లాడలేదు. కానీ ఇంట్లో పనిమనిషి ఉండగా తనే సంచీ పట్టుకుని మార్కెట్టుకు వచ్చేది. అన్ని పట్టాలూ దాటుకుని అక్క దగ్గరే పుదీనా కొనేది. తీసుకునేది, పోయేది. అక్క ఆ డబ్బులు పట్టా కింద పెట్టుకునేది. ఒక ఆడది ఇంకో ఆడదాని ముందు అట్లా రోజూ వచ్చి నిలబడి పోవడం చూస్తే నాకు కోపమూ వచ్చేది, ఇంకేదో కూడా వచ్చేది. ఆ ఇంకేదాన్ని నేను దగ్గరికి రానివ్వలేదు.

మళ్లీ దసరా వచ్చింది. బావ దుకాణంలో మోటార్లన్నీ కడిగి వరసగా పెట్టాం. సగం చుట్టినవి, చుట్టాల్సినవి, తీసుకుపోవడానికి ఎవరూ రానివి. మార్కెట్టు వాళ్లు, గల్లీ వాళ్లు చాలామంది దుకాణం ముందు చేరారు. అక్క కొత్త చీర కట్టుకుని పసుపు కుంకుమల పళ్లెం పట్టుకుని ఉంది. బావ మాత్రం టెంకాయ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ, కానియ్యి కానియ్యి అని తొందరపెడుతున్నాడు.

అప్పుడే సుశీలమ్మ, నాగమణమ్మ గుడికి పోతూ ఆ దారిన వచ్చారు. రిపేరుకిచ్చిన మిక్సీ సంగతి అడగడానికి సుశీలమ్మ దుకాణంలోకి వచ్చింది. నాగమణమ్మ రాలేదు. పూజ కాకముందు తను ఎదురుపడకూడదని రోడ్డుకు ఆవలి వైపే ఆగి, కొంగు తల మీదికి లాక్కుని, గోడ వైపు తిరిగి నిలబడింది.

బావ అది చూశాడు. టెంకాయ నా చేతిలో పెట్టి, అక్క చేతిలోంచి పళ్లెం తీసుకుని రోడ్డు దాటాడు. ఏం చేయబోతున్నాడో నాకు అర్థమయ్యేసరికి ఆయన ఆమె ముందు ఉన్నాడు. ఏదో చెప్పాడు, ఆమె వద్దు వద్దని తల ఊపింది, రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. ఆయన కదలలేదు. మా బావ గుండయ్య, జన్మలో ఒక్క చోట నిలవని మనిషి, నడిరోడ్డు మీద పళ్లెం పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. చివరకు ఆమె ఆయన వెంట రోడ్డు దాటింది.

సుశీలమ్మ ఏదో అనబోయి అత్త మొహం చూసి ఆగిపోయింది. నాగమణమ్మ గడప బయటే నిలబడి మా అక్క వైపు చూసింది. ఆ చూపులో ఏడాది మాటలున్నాయి. పళ్లెం అక్కది, పూజ అక్కది, పోయిన పని కూడా అక్కదే.

"లోపలికి రా పెద్దమ్మా," అన్నది అక్క. "నువ్వు పెట్టినంకనే నేను పెడత."

ఆమె లోపలికి వచ్చింది. ముందు వరసలో ఉన్న పెద్ద పంపు మోటారు దగ్గర వంగి, కుంకుమలో వేలు ముంచింది. ఎక్కడ పెట్టాలో తెలియక, మోటారును అటూ ఇటూ చూసి, కనబడని మూల కోసం దాని వెనక్కి చెయ్యి పోనిచ్చింది.

బావ ఆ చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చాడు.

"బయటనే పెట్టు అమ్మా," అన్నాడు. "అందరికి కనవడేటట్టు పెట్టు."

ఆమె పెట్టింది. తర్వాత అక్క పెట్టింది, దాని పక్కనే.